పీడీఎఫ్‌లో తెలుగు డబ్బాలు పోయినయ్, ఇప్పుడు సంతకాల లైను రెండో పేజీకి పోతా ఉంది. ఏం చేయాల?

కావలి_కుర్రోడు:

అన్నలూ, మూడు రోజులుగా తల పట్టుకోని కూర్చోనుండా, ఎవరన్నా దారి చెప్పండి.

రొయ్యల మేత అమ్మే ఒక డీలరుకి చిన్న సాఫ్ట్‌వేర్ రాసిచ్చినా. పట్టుబడి అయినాక రైతుకి లెక్కల కాగితం ఇవ్వాల, ఏ గుంటకి ఎన్ని బస్తాల మేత పోయింది, ఎన్ని కిలోలు పట్టారు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగినయ్) ఎంత, రేటెంత, మేత బాకీ పోను చేతికెంత, ఇదంతా తెలుగులో ఒకటే పేజీ, కింద రైతు సంతకం డీలరు సంతకం. ఆ కాగితం మోడల్ వాళ్ళ గుమాస్తా వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిచ్చినాడు. నేను పైథాన్-డాక్స్ అని వర్డ్ ఫైళ్ళు కోడ్‌తో నింపే లైబ్రరీ ఉంది, దాంతో పేర్లు, అంకెలు నింపి ఉబుంటు సర్వర్ మీద లిబ్రేఆఫీస్ హెడ్‌లెస్‌తో (తెర మీద తెరవకుండా కమాండ్‌తో నడపడం) పీడీఎఫ్ చేసి వాట్సాప్‌కి పంపిస్తా.

నా ల్యాప్‌టాప్ విండోస్, దాంట్లో బ్రహ్మాండంగా ఉంది. సర్వర్‌లో మాత్రం అంకెలు, ఇంగ్లీష్ వస్తాయి, తెలుగు ఉండాల్సిన చోటల్లా ఖాళీ డబ్బాలు. మొదటి రోజే అల్లూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి "ఏం నాయనా, ఈసారి గుంటలో రొయ్యలే లేవనుకున్నా, నీ కాగితంలో అక్షరాలు గూడా లేవే" అన్నాడు. సిగ్గేసింది.

నెట్‌లో చూసి ఎమ్మెస్ కోర్ ఫాంట్స్ ప్యాకేజీ ఎక్కించినా, ఏం మారలా. తర్వాత లోహిత్ తెలుగు ఎక్కించినా, తెలుగు వచ్చేసింది, సంబరపడినా. కానీ ఒక పేజీ కాగితం రెండు పేజీలయింది, రెండో పేజీలో సంతకాల లైను ఒక్కటే ఉంది. లెక్క ఒక కాగితం మీద, సంతకం ఇంకో కాగితం మీద ఉంటే డీలరు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు గూడా. కోడ్‌లో ఫాంట్ పేరు నోటో అని మార్చి చూసినా, అంకెలు మారినయ్ గానీ తెలుగు అట్నే ఉండాది. ఇంత జరిగినా ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. అసలు లోపల ఏం జరుగుతుంది, నాకు కావాల్సిన ఫాంటే వాడమని ఎక్కడ చెప్పాల?

ఒంగోలు_డీటీపీ_మావ:

అబ్బాయ్ గాభరా పడమాక, ఇది పాత జబ్బే. డీటీపీలో తల నెరిసినోణ్ణి, చెప్తా విను. ఫాంట్ లేకపోతే వచ్చే తంటాలు మూడు రకాలు, కంటితో చూస్తేనే తెలిసిపోద్ది. డబ్బాలొస్తే ఆ అక్షరం బొమ్మ ఉన్న ఫాంటు మిషన్లో ఒక్కటి కూడా లేనట్టు. అక్షరాలొచ్చి వత్తులు ఊడిపోయి, కకి పొల్లు పెట్టి పక్కన ష విడిగా నిలబడితే ఫాంటు ఉంది గానీ అక్షరాలు కలిపి పేర్చే ఇంజన్ పని చేయటంలా. ఇక తెలుగు బదులు ఇంగ్లీష్ అక్షరాలు, కొమ్ములున్న యూరప్ అక్షరాలు, కామాలు కలగాపులగంగా వస్తే అది అను లాంటి పాత ఫాంట్లతో కొట్టిన మేటరు. దాంట్లో లోపల ఉండేది ఇంగ్లీష్ కోడ్లే, పైన తెలుగు బొమ్మలు తొడిగారు. దానికి ఏ ఫాంటు బదులు పెట్టినా తెలుగు రాదు, కన్వర్టర్‌తో యూనికోడ్‌కి మార్చుకోవాల్సిందే. నీది మొదటి రకం, సగం దాటేశావ్.

ఆ మూడో రకంతో నేను తిన్న దెబ్బ చెప్తా. పొదిలి నించి పెళ్ళివాళ్ళు కోరల్‌డ్రా ఫైల్ తెచ్చారు, బయట ఎక్కడో డిజైన్ చేయించుకున్నారు. తెరవంగానే ఫలానా ఫాంట్ లేదు, బదులు ఏం పెట్టమంటావని బాక్స్ వచ్చింది. నేను ఫోన్ మాట్లాడతా ఓకే నొక్కేశా. కార్డంతా గజిబిజి అయ్యుంటే కనపడేది. కానీ మూలన చిన్న సైజులో ముహూర్తం లైను ఒక్కటే ఆ ఫాంట్లో ఉంది. 500 కార్డులు కొట్టేశా. పెళ్ళికూతురి మేనమామ షాపుకొచ్చి కార్డు నా చేతిలో పెట్టి "ముహూర్తం ఎప్పుడో చదువు" అన్నాడు. ఏం చదువుతా? అన్నీ మళ్ళీ నా డబ్బుల్తోనే కొట్టిచ్చిచ్చా. అప్పటి నుంచి బయటికి పోయే ఏ ఫైలైనా కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేయందే, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చందే పంపను.

నీ సర్వర్ సంగతి నాకు తెలీదు, ఆ పని చేసేవాళ్ళు ఎవరన్నా చెప్తారు.

మన్నేరు_గట్టు:

మాది సింగరాయకొండ, ఉండేది బెంగళూరు, రోజూ చేసేది ఈ డాక్యుమెంట్ల పనే. కొంచెం పెద్దగా రాస్తున్నా ఓపిగ్గా చదువు. కమాండ్లు తెలుగులో రాస్తా, కొట్టేటప్పుడు ఇంగ్లీష్‌లో కొట్టుకో.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో, ఇక్కడ రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి, అందరూ రెండిటినీ ఒకటే అనుకుంటారు. డాక్యుమెంట్ గౌతమి అని పేరు అడిగింది, ఆ పేరుతో ఫాంట్ లేదు, కాబట్టి సిస్టమ్ ఇంకో ఫాంట్ తెచ్చి కూర్చోబెట్టింది, ఇది పేరుకి బదులు. అట్లా వచ్చిన ఫాంట్‌లో, ఉబుంటులో అయితే చాలాసార్లు డెజావు సాన్స్ వస్తది, తెలుగు అక్షరాలే లేవు. అప్పుడు ఒక్కో అక్షరానికి ఆ బొమ్మ ఏ ఫాంట్‌లో దొరుకుతుందా అని మళ్ళీ వెతుకుతది, ఇది అక్షరానికి బదులు. నువ్వు మొదట చూసిన డబ్బాలు ఈ రెండో వెతుకులాటలో కూడా ఏం దొరక్క వచ్చినవి. ఎమ్మెస్ కోర్ ఫాంట్స్‌లో ఉండేవి ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్, వర్దానా లాంటివి, 1996లో వెబ్ కోసం వదిలినవి, వాటిలో తెలుగు లేదు, అందుకే నీకు పైసా ఉపయోగం లేకపోయింది. లోహిత్ పెట్టాక రెండో వెతుకులాటకి దొరికింది. ఇప్పుడు నీ పీడీఎఫ్ జూమ్ చేసి చూడు, కిలోల అంకెలు ఒక ఫాంట్, పక్కన "కిలోలు" అనే మాట ఇంకో ఫాంట్, ఒకే లైన్లో ఇద్దరు కూర్చోనుంటారు. లైన్ ఎత్తు ఇద్దరిలో పొడుగోడిని బట్టి పెరుగుతది.

ఎర్రర్ ఎందుకు రాలేదంటే వీళ్ళ లెక్కలో ఇది తప్పే కాదు. ఫాంట్ లేదని ఫైల్ తెరవకుండా కూర్చునే కంటే ఏదో ఒకటి చూపించడం మేలని ఈ సాఫ్ట్‌వేర్లన్నీ అట్లాగే రాశారు. కూర్చుని చదువుకునేవాడికి అది మేలే, రాత్రి పూట మనిషి లేకుండా నడిచే సర్వర్‌కి మాత్రం కాదు. లిబ్రేఆఫీస్‌ని తెర మీద తెరిస్తే లేని ఫాంట్ పేరు పైన బాక్స్‌లో ఇటాలిక్‌లో చూపిస్తది, హెడ్‌లెస్‌లో ఆ మాత్రం సూచన కూడా ఉండదు.

ఏ ఫాంట్ వచ్చిందో తెలుసుకోడానికి సర్వర్‌లో ఎఫ్‌సీ-మ్యాచ్ అని కొట్టి పక్కన గౌతమి పేరు ఇవ్వు. పేరు ఒక్కటే ఇస్తే డెజావు అని చెప్పొచ్చు, అదే పేరు తర్వాత కోలన్ పెట్టి లాంగ్ ఈక్వల్ టు టీఈ అని భాష కూడా చెప్తే తెలుగు ఉన్న ఫాంట్ పేరు చెప్తది. ఎఫ్‌సీ-లిస్ట్‌కి అదే భాష ఇస్తే మిషన్లో ఉన్న తెలుగు ఫాంట్లన్నీ వస్తాయి. తయారైన పీడీఎఫ్‌కి పీడీఎఫ్‌ఫాంట్స్ అనే కమాండ్ ఉంది, పాప్లర్-యుటిల్స్‌లో వస్తది. ఇక్కడ చాలామంది మోసపోతారు, దాంట్లో ఎంబెడ్ (ఫాంట్‌ని ఫైల్ లోపలే కలిపేయడం) అనే కాలమ్‌లో యెస్ అని చూసి హమ్మయ్య అనుకుంటారు. తప్పుడు ఫాంట్ వాడినా దాన్నే శుభ్రంగా ఎంబెడ్ చేస్తది, కాబట్టి అక్కడ యెస్సే ఉంటది. నువ్వు చూడాల్సింది పేరు. ముందు ఆరు ఇంగ్లీష్ అక్షరాలు, ప్లస్ గుర్తు, ఆ తర్వాత అసలు ఫాంట్ పేరు ఉంటది.

ఇక కోడ్‌లో ఫాంట్ మార్చినా తెలుగు మారలేదన్నావే, దానికి కారణం నాకు చదవంగానే తెలిసిపోయింది, నేనూ రెండు రోజులు తగలేశా దాని మీద. డాక్స్ ఫైల్ జిప్పే, విప్పి లోపల డాక్యుమెంట్ ఎక్స్ఎంఎల్ చూడు. ప్రతి ముక్కకీ ఆర్‌ఫాంట్స్ అని ఒక ట్యాగ్, దాంట్లో ఫాంట్ పేరు ఒకటి కాదు, యాస్కీకి ఒకటి, హెచ్‌యాన్సీకి ఒకటి, ఈస్ట్ ఏషియాకి ఒకటి, సీఎస్ అని ఇంకోటి. సీఎస్ అంటే కాంప్లెక్స్ స్క్రిప్ట్, తెలుగు ఆ లెక్కలోకి వస్తది. పైథాన్-డాక్స్‌లో ఫాంట్ నేమ్ మారిస్తే యాస్కీ, హెచ్‌యాన్సీ రెండే మారతాయి, సీఎస్‌లో గౌతమి అట్లాగే కూర్చోనుంటది. సైజు కూడా అంతే, ఎస్‌జడ్ మారుతది, ఎస్‌జడ్‌సీఎస్ మారదు, అందుకే కొన్నిసార్లు ఇంగ్లీష్ 11, తెలుగు 14 అయి కూర్చుంటది. సీఎస్ నువ్వే చేత్తో రాయాల.

పేజీ ఎందుకు జరిగిందంటే, సింగిల్ లైన్ స్పేసింగ్ అని పెట్టినప్పుడు ఆ సింగిల్ ఎంతనేది ఫాంటే చెప్తది. ఫాంట్ ఫైల్లో పైకి ఎంత, కిందికి ఎంత అని కొలతలు రాసుంటాయి. తెలుగులో పైన గుడి, కింద వత్తు ఉండబట్టి ఒక్కో ఫాంట్ చేసినాయన ఒక్కో కొలత పెట్టుకున్నాడు. ఇంగ్లీష్‌కి ఈ బాధ తీర్చడానికి జోడీ ఫాంట్లు ఉన్నాయి, క్యాలిబ్రీ లేకపోతే కార్లిటో, కాంబ్రియాకి కాలడియా, టైమ్స్‌కి లిబరేషన్ సెరిఫ్. అక్షరం వెడల్పుతో సహా సమానంగా గీశారు కాబట్టి బదులు పెట్టినా లైను విరిగే చోటు మారదు. గౌతమి లేకపోతే అట్లా కొలతకి సరిపోయేది పెట్టుకుందామంటే కుదరదు, నోటో పెట్టినా లోహిత్ పెట్టినా ఎంతో కొంత జరుగుద్ది. కాబట్టి బదులు మీద ఆధారపడటమే మానెయ్. ఉచితంగా దొరికే ఒక ఫాంట్ తీసుకో, నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ, అదే ఫాంట్ ఫైల్ గుమాస్తా మిషన్లో, నీ ల్యాప్‌టాప్‌లో, సర్వర్‌లో మూడు చోట్లా ఎక్కించి టెంప్లేట్ ఆ ఫాంట్‌లోనే మళ్ళీ చేయించు.

ఆ పని అయ్యేదాకా ఆగలేనంటే లినక్స్‌లో ఫాంట్లు వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్‌లో ఏలియాస్ (ఈ పేరు అడిగితే ఇది ఇవ్వమనే రూల్) రాయి, ఫ్యామిలీ గౌతమి అని, ప్రిఫర్‌లో నోటో సాన్స్ తెలుగు అని, బైండింగ్ సేమ్ అని. బైండింగ్ పెట్టకపోతే కొన్నిచోట్ల పట్టించుకోదు. లిబ్రేఆఫీస్‌లో కూడా టూల్స్, ఆప్షన్స్, ఫాంట్స్ కింద రీప్లేస్‌మెంట్ టేబుల్ ఉంది. దాంట్లో స్క్రీన్ ఓన్లీ టిక్ పెడితే తెర మీద మాత్రమే మారుద్ది, పెట్టొద్దు. ఆ టేబుల్ యూజర్ ప్రొఫైల్‌లో సేవ్ అవుద్ది, నీ ల్యాప్‌టాప్‌లో చేసింది సర్వర్‌కి రాదు. నేనైతే ఏలియాసే వాడతా.

పెన్నా_బ్రిడ్జి:

ఇంత రామాయణం ఎందుకు బా, విండోస్‌లో గౌతమి ఫైల్ ఉంటది గదా, కాపీ చేసి సర్వర్‌లో పడెయ్, ఐదు నిమిషాల పని.

మన్నేరు_గట్టు:

పని చేస్తది, కాదన్లేదు. కానీ విండోస్‌తో వచ్చిన ఫాంట్ ఆ విండోస్ మిషన్లో వాడుకోడానికి ఇచ్చింది, వేరే సర్వర్ మీద పెట్టుకోడానికి దానికి వేరే లైసెన్స్ కావాల. సొంతానికైతే నీ ఇష్టం, డబ్బులు తీసుకుని డీలరుకి చేసిచ్చే పనిలో రేపు ఎవరన్నా అడిగితే పిల్లోడు ఇరుక్కుంటాడు. పైగా కొత్త సర్వర్‌కి మారినప్పుడు ఆ ఫైల్ ఎక్కడ్నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు, మళ్ళీ డబ్బాలు.

కనిగిరి_బడి:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దండి, నాదీ ఇదే బాధలాగుంది. నేను టీచర్ని. స్కూల్లో పాత కంప్యూటర్ పోయి విండోస్ 11ది వచ్చింది. పాత ప్రశ్నపత్రాలు వర్డ్‌లో తెరిస్తే తెలుగు చక్కగానే కనపడుతుంది, వత్తులు కూడా బాగున్నాయి, కానీ 2 పేజీల పేపర్ 3 పేజీలయి, జతపరచండి దగ్గర కాలమ్స్ ఒకదానికొకటి ఎదురు రావడం లేదు. ఫాంట్ బాక్స్‌లో గౌతమి అనే చూపిస్తోంది. అంటే గౌతమి ఉన్నట్టా లేనట్టా?

మన్నేరు_గట్టు:

లేనట్టేనండి. బాక్స్‌లో కనిపించేది ఫైల్ అడిగిన పేరు, గీసేది ఇంకోటి, బహుశా నిర్మల యూఐ. గౌతమి ఎక్స్‌పీ రోజుల్నుంచీ ఉంది, విండోస్ 7లో వాణి వచ్చింది, 8లో నిర్మల వచ్చింది. 10 నుంచి గౌతమి, వాణి రెండిటినీ తీసి పక్కన పెట్టారు, అడిగితేనే వస్తాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి పోయి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి యాడ్ చేయండి, మీ పేపర్లు పాత చోటికి వస్తాయి. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో కిందికి పోతే ఫాంట్ సబ్‌స్టిట్యూషన్ అని బటన్ ఉంటది, ఏ ఫాంట్ లేదో, దాని బదులు ఏం పెట్టిందో అక్కడ కనపడుద్ది. అక్కడే కన్వర్ట్ పర్మనెంట్లీ అని ఇంకో బటన్ ఉంటది, దాని జోలికి పోవద్దు, ఫైల్లో పాత పేరే చెరిపేస్తది.

ఒంగోలు_డీటీపీ_మావ:

టీచర్ గారూ, ఆ పేపర్లు ఇంకో స్కూలుకి పంపాల్సొస్తే సేవ్ ఆప్షన్లలో ఎంబెడ్ ఫాంట్స్ అని టిక్ ఉంటది, పెట్టి పంపండి. ఫైల్ బరువు పెరుగుద్ది, పెరిగితే పెరిగింది. ఫాంట్ చేసినోళ్ళు ఎంబెడ్ చేయొద్దని లోపల రాసుంటే మాత్రం టిక్ పెట్టినా పోదు. ఇంకోటి, పాత ఎక్స్‌పీ మిషన్లో రూపాయి గుర్తు కొట్టాలని చూడమాకండి, ఆ గుర్తు పుట్టిందే 2010లో, ఆ గౌతమికి అదేందో తెలీదు. మా షాపులో ఒక మూల ఇంకా అలాంటి మిషన్ ఒకటి నడుస్తంది, పేజ్‌మేకర్ కోసం.

కనిగిరి_బడి:

యాడ్ చేశానండి, కాలమ్స్ సరిపోయాయి. చాలా చాలా థ్యాంక్స్, రేపు యూనిట్ టెస్ట్.

కావలి_కుర్రోడు:

అన్నా మన్నేరన్నా, నువ్వు చెప్పింది చెప్పినట్టు సీఎస్‌లోనే ఉండాది గౌతమి. విప్పి చూస్తే అన్ని చోట్లా కూర్చోనుంది, ఒకచోట మాత్రం వాణి గూడా ఉంది, ఆ లైను గుమాస్తా ఇంకెక్కడ్నుంచో కాపీ కొట్టినట్టున్నాడు.

జరిగింది వరసగా చెప్తా, ఇంకొకడికి పనికొస్తది. నోటో సాన్స్ తెలుగు మూడు మిషన్లలో ఎక్కించి గుమాస్తా పక్కన కూర్చోని టెంప్లేట్ మళ్ళీ చేయించినా. ఆయన "నాకు గౌతమే బాగుంది అబ్బయ్యా, ఇది ఏదో బోడిగా ఉంది" అంటానే చేసినాడు. సర్వర్‌లో ఎఫ్‌సీ-క్యాష్ కొట్టినా, ఎఫ్‌సీ-లిస్ట్‌లో ఫాంట్ కనపడుతుంది, పీడీఎఫ్‌లో మాత్రం పాతదే. రెండు గంటలు పోయినాక తట్టింది, లిబ్రేఆఫీస్ సర్వీస్‌గా నడుస్తా ఉంది, అది మొదలైనప్పుడు చూసుకున్న ఫాంట్లే దానికి తెలుసు. రీస్టార్ట్ చేస్తే వచ్చేసింది. డాకర్‌లో నడిపేవాళ్ళు ఫాంట్‌ని ఇమేజ్‌లోనే పెట్టుకోండి, లోపలికి పోయి ఎక్కిస్తే కంటైనర్ మారంగానే పోతది, నాకు అదీ అయింది.

లైన్ ఎత్తు ఇంక ఏ ఫాంట్ దయా వద్దని పేరాలకి ఎగ్జాక్ట్లీ 18 పాయింట్లు పెట్టినా. పేజీ ఒక్కటికి దిగింది గానీ పట్టిక గళ్ళలో "రాష్ట్రం" అన్న మాట దగ్గర కింద రవత్తు సగం తెగిపోయింది, ఇంకోచోట "లక్ష్మి"లో మవత్తు తోక లేదు. 21కి పెంచినా, అప్పుడు నిండుగా వచ్చింది, పేజీ గూడా దాటలా. ఎగ్జాక్ట్లీ పెట్టేవాళ్ళు రెండు వత్తులున్న మాటలు కొట్టి చూసుకోండి, "కిలోలు", "రేటు" లాంటివి చూసి బాగుందనుకుంటే దెబ్బ తింటారు.

గౌతమి ఏలియాస్ గూడా రాసిపెట్టినా, ఎవరన్నా పాత టెంప్లేట్ పంపిస్తే ఉంటదని. కానీ నాకు అంతకంటే నచ్చింది పీడీఎఫ్‌ఫాంట్స్ పని. ఇప్పుడు ప్రతి కాగితం తయారవంగానే ఫాంట్ పేర్లు చూస్తది, నోటో సాన్స్ తెలుగు కాక ఇంకే పేరు కనపడినా, పేజీలు ఒకటి దాటినా, రైతుకి పంపకుండా ఆపేసి నా ఫోన్‌కి మెసేజ్ కొడతది. నిన్న రాత్రి ఒకటి ఆగింది, చూస్తే ఒక రైతు పేరు పక్కన ఎవరో దణ్ణం పెట్టే ఎమోజీ టైప్ చేసుండారు.

మావా, నీ ముహూర్తం కార్డు సంగతి మా గుమాస్తాకి చెప్పినా, పడీ పడీ నవ్వినాడు.

ఒంగోలు_డీటీపీ_మావ:

నవ్వుతాడు నవ్వుతాడు, డబ్బులు పెట్టింది నేను గదా. ఇంతకీ అల్లూరు ఆయనకి కొత్త కాగితం పంపావా?

కావలి_కుర్రోడు:

పంపినా మావా. పొద్దున్నే ఫోన్ చేసినాడు. "అక్షరాలు ముత్యాల్లాగా ఉండాయి నాయనా, ఇప్పుడు అన్నీ చదవగలిగినా, నాది 50 కౌంట్ అయితే 60 అని ఏసిందెవరు?" అన్నాడు. డీలరు నంబరిచ్చినా.